ఆపరేషన్‌కు ఓటీపీ

ముందే ఒప్పేసుకుంటున్నాను. నేను కొంచెం పెంచి చెప్పే మనిషిని. ఈ "కొంచెం" అన్నది కూడా తగ్గించి చెప్పిందే. నాకు జ్వరమొచ్చిందంటే మా ఆవిడ నుదుటి మీద చెయ్యి పెట్టి చూడదు. "ఇందులో ఎంత తీసెయ్యాల?" అని అడుగుతుంది. మీరూ అట్లాగే చదువుకోండి. కూరలో కారం ఎక్కువైనప్పుడు ఇంకో ముద్ద అన్నం కలుపుకుంటాం కదా, అంతే.

నేను నంద్యాలలో ఒక ఆఫీసులో కాంట్రాక్టు ఉద్యోగిని. కాన్పులు జరిగే ప్రతి ఆసుపత్రికీ ఒక ఫోన్ ఇచ్చారు. కాన్పు కాగానే నర్సమ్మ ఆ ఫోన్‌లో నొక్కాలి, మామూలు కాన్పా, ఆపరేషనా అని. ఆపరేషనైతే ఎందుకైందో అదే అడుగుతుంది. కారణాలు వరుసగా కనబడతాయి, వాటిలో ఒకటి ఎంచుకోవాలి. ఆపరేషన్లు ఎక్కువైనకొద్దీ ఆ ఆసుపత్రి పేరు నా ఫోన్‌లో ఆకుపచ్చ నుంచి పసుపుకు, పసుపు నుంచి ఎరుపుకు తిరుగుతుంది. ఎర్రబడిన ఆసుపత్రి డాక్టరు నంద్యాలకు వచ్చి, మీటింగులో పదిమంది ముందు నిలబడి కారణం చెప్పుకోవాలి. నర్సమ్మలకు ఈ నొక్కుడు నేర్పడం, నొక్కనివాళ్లను బతిమాలడం, నొక్కినవాళ్లు సరిగ్గా నొక్కారో లేదో చూడడం నా పని.

నా వంతుకు వచ్చింది నంద్యాల నుంచి ఆళ్లగడ్డ దారి. ఆ దారిలో పోయే పల్లెవెలుగు బస్సు గురించి ఒక్క మాట చెప్పి ముందుకు పోతాను. చెయ్యెత్తిన ప్రతి మనిషికీ అది ఆగుతుంది. దోమ తోలుకోవడానికి చెయ్యెత్తినా ఆగుతుంది. నాతోపాటు నున్నగా గడ్డం గీసుకుని ఎక్కిన ఒక పెద్దమనిషికి ఆళ్లగడ్డ చేరేసరికి గడ్డం మొలవడమే కాదు, నెరిసింది కూడా. ఎండాకాలంలో నా ఫోన్ ఎంత వేడెక్కేదంటే, దాని మీద దోసె పోసుకోవచ్చు, తిరగెయ్యాల్సిన పని కూడా ఉండదు.

నవ్వులాటకు ఇలా అంటున్నాను గానీ, ఆ ఫోన్ ఎందుకు పుట్టిందో నాకు బాగా తెలుసు. ఒకసారి బస్సులో నా పక్కన ఒకామె కూర్చుంది. బేతంచెర్లలో నాపరాతి బండల దగ్గర కూలి పని. నా చేతిలోని ఫోన్‌లో ఆసుపత్రుల పేర్లు చూసి ఏందని అడిగింది, చెప్పాను. తన సంగతి చెప్పుకొచ్చింది. నొప్పులు బాగానే వస్తున్నాయంట, బిడ్డ బాగానే ఉందంట, అయినా డాక్టరుకు ఆ సాయంత్రం ఏదో ఊరికి ప్రయాణముండి కోసేశాడంట. ఏ ఊళ్లోనో నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. "బండ ఎత్తినప్పుడంతా లోపల ఎవురో దారం పట్టుకోని లాగినట్టుంటాదన్నా" అంది. ఈ మాటలో నేను ఒక్క అక్షరం కూడా పెంచలేదు.

అందుకని నేను నా పనిని నమ్మేవాణ్ని. నర్సమ్మలు నమ్మేవాళ్లు కాదు. వాళ్ల బాధంతా కారణాల దగ్గరే. "సార్, ముహూర్తం యాడ నొక్కాల?" అని అడిగింది ఒకామె, మొదటి వారంలోనే. నిజమే, ఆ వరుసలో బీపీ ఉంది, బిడ్డ అడ్డం తిరగడం ఉంది, ఉమ్మనీరు తగ్గడం ఉంది. ముహూర్తం లేదు. ఆ ఫోన్‌ను తయారు చేసినవాళ్లు ఏ దేశంలో కూర్చుని చేశారో గానీ, మా పంచాంగాన్ని లెక్కలోకి తీసుకోలేదు. మా వైపు అయ్యవారితో మంచి గడియ పెట్టించుకుని, ఆ గడియకు బిడ్డను బయటికి తీయమని డాక్టరు దగ్గరికి పోయేవాళ్లు తక్కువేం కాదు. ఇందులో మతభేదం కూడా లేదు. దేవుని దయవల్ల బిడ్డ క్రిస్మస్ నాడే పుట్టాలని ప్రార్థన చేసి, దేవునికి సాయంగా డాక్టరును కూడా అడిగిన టీచరు దంపతులు నాకు తెలుసు. ఇవన్నీ "ఇతర కారణాలు" అనే గంపలో పడేవి. ఆ గంప ఆళ్లగడ్డ సంత కంటే పెద్దది.

ఇంకో తమాషా ఉంది. ఆసుపత్రి వరండాలో కూర్చున్న జనానికి నేనెవరో తెలియదు. మెడలో ఆఫీసు కార్డు, చేతిలో ఫోన్, డాక్టరుతో మాటలు. ఈ మూడూ చూసి, ఆపరేషన్‌కు పర్మిషన్ ఇచ్చే మనిషి వీడేనని వాళ్లు అనుకునేవాళ్లు. అనుకోరూ మరి? చౌక బియ్యానికి వేలు పెట్టాలి. పింఛనుకు వేలు పెట్టాలి, వేలు పడకపోతే కన్ను పెట్టాలి. గ్యాసు బండ దించుకోవాలంటే ఫోన్‌కు వచ్చిన అంకెలు అప్పజెప్పాలి. తిండికీ పొయ్యికీ ఫోన్ ఒప్పుకోవాలంటే, కడుపు కోయడానికి మాత్రం అక్కర్లేదా? దొర్నిపాడు నుంచి కూతురిని తీసుకొచ్చిన ఒక పెద్దాయన, నన్ను చూడగానే బొటనవేలు పంచెకు బాగా తుడుచుకుని నా ముందు చాపాడు. "యాడ పెట్టాలప్పా?" అన్నాడు. ఎక్కడా పెట్టే పని లేదని చెబితే, పని చెయ్యని ఆఫీసరును చూసినట్టు చూశాడు. ఇంటికొచ్చి ఈ కథ చెప్పేటప్పుడు ఆయన ఒక్కడే కాదు, వరండా మొత్తం వేళ్లు చాపిందని చెప్పాను. మా ఆవిడ తీసెయ్యాల్సినంత తీసేసి నవ్వింది.

ఇట్లా ఉండగా మా మేనకోడలికి నెలలు నిండాయి.

ఆమె మా అక్క కూతురు. అక్క ఉండేది ఆళ్లగడ్డలోనే. బావ పోయినప్పటి నుంచి అక్కకు ఆ పిల్లే లోకం. బేతంచెర్లకు ఇచ్చాం. అల్లుడు బండల పాలిష్ మిషన్ నడుపుతాడు. మాట్లాడితే మాటకు పన్ను కట్టాలేమోనన్నంత పొదుపైన మనిషి. తొలి కాన్పు కాబట్టి పిల్ల పుట్టింటికి వచ్చింది. అక్క ఏం చేసిందంటే, కొత్తపల్లె అయ్యవారి దగ్గరికి పోయి గడియ పెట్టించుకుని వచ్చింది. ఆ గడియలో పుట్టిన బిడ్డ కలెక్టరు కావడం ఖాయమంట, కాకుంటే అయ్యవారు తన పంచాంగం తానే తగలేసుకుంటాడంట. ఈ రెండో ముక్క నాది.

పిల్లకు మాత్రం మామూలు కాన్పు కావాలని ఆశ. మిద్దె మీద పొద్దునా సాయంత్రం నడిచేది. ఆమె నడకకు మిద్దె అరిగి కిందింటివాళ్లకు ఆకాశం కనబడిందని నేను ఏడిపించేవాణ్ని. "మామా, మీ అక్కకు నువ్వే చెప్పు, నా మాట వినదు" అని నాకు ఫోన్ చేసింది.

నేను పోయి అక్క ముందు కూర్చున్నాను. నిజానికి చెప్పాల్సింది చాలా ఉంది. తొలి కాన్పు ఆపరేషనైతే రెండోదానికీ కత్తి దగ్గరికే పోవాల్సి రావచ్చు, పిల్ల కోలుకోవడానికి కాలం పడుతుంది, బిడ్డ తన టైముకు తాను రావడమే మంచిది. ఇవన్నీ మీటింగుల్లో నేను గుక్క తిప్పుకోకుండా చెప్పేవే. అక్క ముందు అవన్నీ మింగేశాను. ఆమె నా ముక్కు తుడిచి పెంచిన మనిషి, ఆమెకు నేను బోధించడమేంది? దగ్గరి దారి పట్టాను.

"కారణం లేకుండా ఆపరేషన్ చేస్తే ఫోన్ ఒప్పుకోదక్కా" అన్నాను.

"ఫోన్ ఒప్పుకోకపోయేదేందిరా? దానికేమన్నా కడుపొచ్చిందా?"

"పైనుంచి రూలు."

"నువ్వుండాది ఆ ఫోన్ దగ్గరే గదా. ఒక నొక్కుడు నొక్కితే నీ సొమ్మేం పోతాది?"

నా ఉద్యోగం పోతుందన్నాను. పోయే ఉద్యోగం కాదది, పోతే పోయిందని బాధపడేంత ఉద్యోగమూ కాదు. అయినా ఆ మాటకు అక్క తగ్గింది. అల్లుడు పక్కనే గోడకు ఆనుకుని అంతా విన్నాడు. పిల్ల లోపలి గదిలో నుంచి నాకు బొటనవేలు ఎత్తి చూపించింది. నేను గెలిచాననుకుంటూ బస్సెక్కాను.

ఆళ్లగడ్డలో వాళ్లు చూపించుకుంటున్న నర్సింగ్ హోమ్ నా దారిలోదే. డాక్టరమ్మ నా ఈడుది. నవ్వితే వార్డు మొత్తానికి వినబడుతుంది, తిడితే నంద్యాలకు వినబడుతుంది. ఆ ఏడాది ఆమె ఆసుపత్రి పసుపులో ఉండి ఎరుపు అంచు మీద ఊగుతోంది. ఆళ్లగడ్డ చుట్టుపక్కల కష్టమైన కాన్పులన్నీ ఆమె దగ్గరికే వస్తాయి, ఊగక ఏం చేస్తుంది? ఒకసారి ఎర్రబడి మీటింగులో నిలబడి వచ్చింది కూడా. నేను పోయినప్పుడల్లా, "మేడం, ఈసారి మాత్రం ఎర్రలోకి పోనీకండి" అని చెప్పి, టీ తాగి వచ్చేవాణ్ని.

గడియ పెట్టిన రోజు వచ్చింది, పోయింది. ఆ మధ్యాహ్నమంతా అక్క నా ఫోన్ ఎత్తలేదు. ఇంకొన్నాళ్లకు, ఒక పొద్దున పిల్లకు నొప్పులు మొదలయ్యాయి. కబురు తెలిసి నేను నంద్యాల నుంచి బయల్దేరాను. ఆ రోజు మాత్రం బస్సు తొందరగానే పోయింది, లేక నేనే బస్సును సరిగ్గా చూడలేదేమో.

నేను పోయేసరికి పిల్ల కాన్పు గదిలో ఉంది. వరండాలో అక్క, అల్లుడు. అన్నీ సక్రమంగా ఉన్నాయని నర్సమ్మ చెప్పింది. అక్క దేవుళ్లందరినీ వరసగా పిలుస్తోంది. మధ్యాహ్నం దాటింది. గదిలోంచి పిల్ల అరుపులు వినబడుతున్నాయి, అరిచిన ప్రతిసారీ అల్లుడు గోడకు ఇంకొంచెం అతుక్కుపోతున్నాడు. మామూలుగా అయితే అల్లుడు గోడలో కలిసిపోయి అవతలివైపు తేలాడని రాసేవాణ్ని.

తర్వాత ఒక్కసారిగా లోపల అడుగుల చప్పుడు మారింది. నర్సమ్మ ఒకరు పరుగున పోయారు, ఇంకొకరు వచ్చారు. తలుపు తీసుకుని డాక్టరమ్మ బయటికొచ్చింది. నర్సుల కౌంటరు పక్కన గోడకు మా ఆఫీసు ఫోన్ వేలాడుతోంది. దానివైపు కన్నెత్తి కూడా చూడకుండా నేరుగా మా దగ్గరికి వచ్చింది.

"బిడ్డ గుండె పడిపోతాంది. ఇంక ఆగేదానికి ల్యా. సంతకం పెట్టండి, లోపలికి తీసుకుపోతాం" అంది.

నర్సమ్మ కాగితం, పెన్ను అల్లుడి చేతిలో పెట్టింది. అల్లుడు పెన్ను పట్టుకుని కాగితాన్ని చూడలేదు. నన్ను చూశాడు.

"మామా, ఫోన్‌కు చెప్పినావా?"

"ఫోన్‌కు చెప్పేదేముందప్పా? పెట్టు సంతకం."

"ఒప్పుకోదంటివి గదా మామా. రేపు బిడ్డ సర్టిఫికెట్ ఆపితే యాడికి పోవాల? మాయమ్మ పింఛనుకు ఎంత తిరిగినామో నీకు తెల్దా?"

తెలుసు. వాళ్లమ్మ ఏళ్ల తరబడి బండలు రుద్దిన మనిషి. రుద్ది రుద్ది ఆమె వేళ్ల మీద గీతలు అరిగిపోయాయి. మిషన్ ఆమెను గుర్తు పట్టక, ఆమె ఆమే కాదని పింఛను ఆపేశారు. సొంత తల్లిని మిషన్ కాదంటే కాదైపోవడం కళ్లారా చూసినవాడు. ఆ మనిషి, మిషన్‌తో పని లేదు సంతకం పెట్టమంటే ఎట్లా నమ్ముతాడు?

అప్పుడు నేను నా జీవితంలో మొదటిసారి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఈ ఫోన్‌కు ఏ అధికారమూ లేదు, అయిపోయినదాన్ని రాసుకోవడమే దాని పని, ముందు అడగాల్సిన అవసరం లేదు, ఆ రోజు అక్కతో నేను ఊరికే అన్నాను అని. ఒక్కరూ నమ్మలేదు. భయపడి మాట మారుస్తున్నాడనే అనుకున్నారు. అన్నాళ్లూ ఆపరేషన్ కావాలన్న అక్కే నా చొక్కా పట్టుకుంది.

"రేయ్, ఓటీపీ గీటీపీ ఏమన్నా రావాల్నేమో చూడరా. బేగా చూడు. నా బిడ్డరా అది."

డాక్టరమ్మ నావైపు తిరిగింది.

జేబులోంచి ఫోన్ తీశాను. మెసేజీల్లోకి పోయాను. నా ఇంటికి గ్యాసు బండ వచ్చినప్పటి కోడ్ ఒకటి ఇంకా చెరపకుండా ఉంది. దాన్ని తెరిచి అల్లుడి కళ్ల ముందు పెట్టాను.

"వచ్చింది చూడు. ఒప్పుకున్నారు."

వాడు వంగి, పెదాలు కదిలిస్తూ ఒక్కో అంకె చదువుకున్నాడు. పైన ఏం రాసుందో చదవలేదు. అంకెలు అంకెల్లాగే ఉన్నాయి, వాడికి అది చాలు. తలూపి సంతకం పెట్టాడు. సిరా ఆరకముందే నర్సమ్మ కాగితం లాక్కుని పోయింది.

ఆ తర్వాత కూర్చున్న సమయం గురించి నాకు పెంచి రాయడానికి ఏమీ దొరకడం లేదు. అక్క నా పక్కన కూర్చుంది. నేను వద్దనకుండా ఉంటే, ఆ గడియకే బిడ్డ హాయిగా వచ్చేసేదని ఆమె అనుకుంటోందని నాకు అనిపించింది. నేనూ అదే అనుకుంటున్నానని ఆమెకు తెలియకుండా తల దించుకున్నాను. అట్లా అనుకోవడం తప్పని ఆఫీసులో పాఠం చెప్పేది నేనే. వరండాలో పాఠం గుర్తుకు రాలేదు.

ఏడుపు వినబడింది. సన్నగా మొదలై, ఇంత ఆలస్యమేందని మమ్మల్ని నిలదీస్తున్నట్టు పెద్దదైంది. ఆడపిల్ల. నర్సమ్మ తెచ్చి చూపించింది. అక్క మొదట బిడ్డ మొహం చూసింది, తర్వాత గోడ గడియారం చూసింది, వేళ్లు ముడిచి ఏదో లెక్క కట్టింది, చివరికి "పోనీలే, నచ్చత్రం మంచిదే" అంది. ఆ రోజు ఏ నక్షత్రమైనా మంచిదే అయ్యుండేది. అల్లుడు బిడ్డ అరచేయి విప్పి, వేళ్ల కొసలను దగ్గరగా పెట్టుకుని చూశాడు. ఎందుకు చూస్తున్నాడో నాకు తెలుసు. గీతలున్నాయి.

పిల్ల బాగుందని, కాసేపట్లో మాట్లాడొచ్చని చెప్పారు. మాట్లాడనిచ్చాక నేను పోయి మంచం పక్కన నిలబడ్డాను. మొహం పీక్కుపోయింది, కళ్లు మూతలు పడుతున్నాయి, అయినా ఎకసెక్కం పోలేదు.

"మామా, నీ రంగు చెడగొట్టినానా?"

ఏం లేదు, నిద్రపొమ్మన్నాను.

బయటికొస్తే నర్సమ్మ గోడ మీది ఫోన్ తీసి నొక్కుతోంది. ఆపరేషన్. కారణం: బిడ్డ గుండె నెమ్మదించడం. ఆ నొక్కుడు నేనే ఆమెకు నేర్పాను. నా జేబులోని ఫోన్ చిన్నగా అదిరింది. తీసి చూస్తే ఆ నర్సింగ్ హోమ్ పేరు ఎర్రబడింది. మా పిల్లతో ఎర్రబడింది. కారణం అడుగున రాసే ఉంటుంది, ఎవరైనా వేలు పెట్టి కిందికి జరిపితే కనబడుతుంది. మీటింగులో అంత కిందికి జరిపే తీరిక ఉన్నవాణ్ని నేను ఇంతవరకు చూడలేదు. నేనూ జరిపేవాణ్ని కాదు. పైన రంగు చూసేవాణ్ని, ఫోన్ చేసేవాణ్ని. డాక్టరుకు ప్రయాణముందని కోత పడ్డ ఆ బేతంచెర్ల ఆమె ఎరుపూ, మా పిల్ల ఎరుపూ నా అరచేతిలో ఒకటే ఎరుపు. ఫోన్ లేకపోతే మొదటిదాన్ని పట్టుకునేవాళ్లు లేరు. ఉంటే రెండోదాన్ని కూడా పట్టుకుంటుంది. ఇది తీరే లెక్కేనా అని బస్సులో ఆలోచిస్తూ కూర్చున్నాను. తీరలేదు.

తర్వాత మీటింగులో ఆ డాక్టరమ్మ పేరు వచ్చినప్పుడు, నేను లేచి కారణాలు చదివాను, వినేవాళ్లు విన్నారు. ఇప్పుడు ఏ ఆసుపత్రికి పోయినా ముందు కిందికి జరిపి చదువుతాను, తర్వాతే రంగు గురించి మాట్లాడతాను. పని రెట్టింపైంది. మా ఆవిడతో పదింతలైందని చెప్పాను.

ఇక కల్పన సంగతి. బస్సులో గడ్డం నెరవడం, మిద్దె అరగడం లాంటివి మీరే తీసేసి ఉంటారు. గ్యాసు కోడ్ నిజం, అల్లుడు అంకెలు చదవడం నిజం. నేను పుట్టించింది ఒక్కటే. డాక్టరమ్మ కాన్పు గదిలోంచి బయటికొచ్చి, గోడ మీది ఫోన్ వైపు కన్నెత్తి కూడా చూడకుండా మా దగ్గరికి వచ్చిందని రాశాను చూడండి, అది అబద్ధం. ఆమె ఆగింది. ఆ ఫోన్ వైపు చూసింది. ఎంతసేపు అంటే గంటసేపని రాసే అలవాటు నాది, కానీ రెప్పపాటే. బహుశా అందులో టైము చూసుకుందేమో. బహుశా ఊపిరి తీసుకోవడానికి ఆగిందేమో. అప్పుడు అక్కడ నిలబడి చూసినవాణ్ని నేనొక్కణ్నే.

ఎందుకు చూశావమ్మా అని అడుగుదామని తర్వాత చాలాసార్లు నోటిదాకా వచ్చింది. నా చేతిలో ఈ రంగుల ఫోన్ పెట్టుకుని అడిగితే, ఆమె మాత్రం టైము చూసుకున్నానని కాక ఇంకేం చెబుతుంది?